పదకొండు రోజుల హాజరు

38వ రోజు

మూడో సంవత్సరం వాళ్ళందరూ ‘ఆన్‌లైన్ చదువు: నా అనుభవం’ అని రోజూ ఒక పేజీ రాసి పంపాలని మా యూనివర్సిటీ నియమం. ఇన్నాళ్ళూ నేను రెండు ముక్కల్లో తేల్చేశాను. క్లాసు బాగుంది, సిగ్నల్ బాగుంది, అంతే. తుఫాను వెళ్ళి ఐదు రోజులైంది కాబట్టి ఈరోజు కాస్త వివరంగా రాస్తున్నాను.

పొద్దున లేవగానే డాబా మీద వాననీటి తొట్టి మూత తీసి ఒక గుక్క తాగి చూశాను. చప్పగానే ఉంది, ఉప్పు చేరలేదు. ఏటిగట్టు కాలనీలో మేముండేది మూడో అంతస్తు. కింది రెండూ నీళ్ళలోనే ఉంటాయి. మంగతాయారు పిన్ని తన లాంచీని మా వంటింటి కిటికీ ఊచకే కడుతుంది. ఆవిడ బియ్యం, నూనె, మందులు వేసుకుని లంకలకు బయల్దేరాక నేను క్లాసు చూపించే కళ్ళద్దాలు తుడిచి పెట్టుకుని క్లాసులోకి వెళ్తాను. రాత్రికి రాత్రే వాటి మీద ఉప్పు పొర పడుతుంది. అది పోయేదాకా బ్లాక్‌బోర్డు మసగ్గానే కనిపిస్తుంది.

గదిలో ముప్పై బెంచీలు, అరవై మందిమి. కిటికీ బయట ఏడాది పొడుగునా పూసే తురాయి చెట్టు. అలాంటి గది నిజంగా ఎక్కడా లేదు, కళ్ళద్దాల్లోనే ఉంటుంది. మాలో ఎవరూ ఇంకొకరిని నేరుగా చూసిందీ లేదు.

నా బెంచీలో పక్కన కూర్చునేది కెజియా. రెండేళ్ళుగా మా ఇద్దరికీ ప్రాక్టికల్స్ కలిపే. వాళ్ళ నాన్న పోయాక చింతలంక లాకు కాపలా ఉద్యోగం ఆమెకే వచ్చింది. సముద్రం పోటు మీదున్నప్పుడు లాకు తలుపులు మూయాలి, ఆటు వచ్చాక తెరవాలి. మధ్యలో నీటి శాస్త్రం చదువు. ఉన్న ఒక్క అన్నయ్య సముద్రంలో ఇసుక తవ్వే ఓడ మీద ఆరేసి నెలలు ఉంటాడు.

కెజియా ఎవర్నీ ఒక వాక్యం పూర్తి చెయ్యనివ్వదు. “అదెలాగండీ” అని మాస్టారికే అడ్డం పడుతుంది. ఈరోజు మాత్రం బుద్ధిగా కూర్చుని రాసుకుంది. తుఫానులో అలిసిపోయి ఉంటుంది అనుకున్నాను.

40వ రోజు

కాలువ నీటిలో ఉప్పు ఎంతుందో ఎవరి ఊళ్ళో వాళ్ళు కొలిచి, లెక్క బెంచీ జతకి పంపాలి. నాది మొన్ననే పంపాను. కెజియాది రాలేదు.

“ఎప్పుడు పంపుతావే?” అని అడిగాను.

“పంపుతాను వకుళా. నీది బాగా వచ్చింది” అంది నవ్వుతూ.

నేను పంపిన లెక్కలో ఒక తప్పుంది. పంపాక గానీ చూసుకోలేదు. కెజియా అయితే అది పట్టుకుని నన్ను వారం రోజులు ఏడిపించేది.

మధ్యాహ్నం ఆమె ఫోన్‌కి చేశాను. మోగలేదు. అటువైపు టవర్లు పడిపోయాయని పిన్ని చెప్పింది. టవర్ లేకపోతే కెజియా క్లాసుకి ఎలా వస్తోంది?

41వ రోజు

ఈ పేజీ నుంచి పిన్ని లాంచీ సరుకుల నోటుపుస్తకంలో రాస్తున్నాను. నిన్న రాసింది యూనివర్సిటీ పేజీలో పెట్టగానే ‘మీ అనుభవాన్ని మరింత సానుకూలంగా చెప్పండి’ అని చివరి వాక్యం ఎర్రగా మారింది.

పూరణ గురించి ఇక్కడ రాసి ఉంచాలి. సిగ్నల్ పోతే ఆ కాసేపూ మన బొమ్మ క్లాసులో ఆగిపోకుండా, మన పాత అలవాట్లను బట్టి అదే తల ఊపుతుంది, రాసుకుంటుంది, రెండు మాటలు మాట్లాడుతుంది. దాన్నే పూరణ అంటారు. మొదట రోజుకి నలభై నిమిషాలే ఉండేది, అది దాటితే గైర్హాజరు. కిందటేడు తుఫానుకి లంకల్లో పిల్లలు చాలామంది హాజరు పోగొట్టుకున్నారు. నలభై నిమిషాల హద్దు తీసెయ్యమని విద్యార్థులమే అర్జీ పెట్టాం. నేనూ సంతకం పెట్టాను. యూనివర్సిటీ మా మాట విన్నది. ఆ తర్వాత కూర పొయ్యి మీద ఉన్నప్పుడూ, నిద్ర చాలనప్పుడూ నేను కూడా పూరణని కూర్చోబెట్టి వెళ్ళిపోయినవాళ్ళలో ఒకదాన్ని.

ఈరోజు క్లాసు మధ్యలో కెజియా వైపు వంగి, “నీళ్ళు ఉప్పెక్కేకొద్దీ మన కొలత గొట్టం ఇంకా కిందికి మునుగుతుంది కదే?” అన్నాను.

ఇది మొదటి సంవత్సరం పాఠం. ఉప్పు పెరిగితే గొట్టం పైకి తేలుతుంది. లాకు దగ్గర పుట్టి పెరిగిన కెజియాకి అది పాఠం కూడా కాదు.

ఆమె నా వైపు తిరిగింది. పెన్ను మూత పంటి కింద పెట్టుకుంది, ఎప్పుడూ పెట్టుకున్నట్టే.

“అవును కదా” అంది.

ఆ పూటంతా దాని పక్కనే కూర్చున్నాను.

42వ రోజు

యూనివర్సిటీ సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. ఒక అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది.

“కెజియా గారి హాజరు నూటికి నూరు ఉందండి. క్లాసులో చక్కగా పాల్గొంటున్నారు.”

“అది ఆమె కాదండీ. పూరణ.”

“ఎవరిది పూరణో, ఎవరు లైవో బయటికి చెప్పకూడదండి. అర్జీలో మీరే అడిగారు కదా, వ్యక్తిగత విషయమని.”

నిజమే. ఆ వాక్యమూ అర్జీలో ఉంది.

తుఫాను సహాయ కార్యాలయానికి చేశాను. తప్పిపోయినవాళ్ళ జాబితా చూసే ఆయన చింతలంక లాకు పేరు వినగానే, “అక్కడమ్మాయి క్షేమంగానే ఉందమ్మా, ముప్పై నాలుగో తేదీనే జాబితాలోంచి పేరు కొట్టేశాం” అన్నాడు. ఆయన ముప్పై నాలుగో తేదీ అన్నది మా సెమిస్టర్ రోజునే. వాళ్ళ జాబితాని మా హాజరుపట్టీతో సరిచూస్తారట. తుఫాను మర్నాడు క్లాసుకి వచ్చినవాళ్ళంతా బతికి ఉన్నట్టే.

“ఒకసారి పడవ పంపించండి సార్.”

“దొరకనివాళ్ళు నూట పన్నెండు మంది ఉన్నారమ్మా. దొరికినవాళ్ళ కోసం పడవ ఎలా పంపను?”

ఆయన విసుక్కోలేదు. గొంతులో నిద్ర లేనితనం తెలుస్తోంది.

43వ రోజు

వైకుంఠరావు మాస్టారు ఏడు రోజులకొకసారి స్వయంగా పాఠం చెప్తారు. మిగతా రోజులు ఆయన పాత పాఠాలే నడుస్తాయి. స్వయంగా వచ్చిన రోజు క్లాసు అయ్యాక ఒక్కొక్కరికి ఒక నిమిషం విడిగా ఇస్తారు. నా నిమిషం ఎప్పుడూ వాడుకోలేదు. ఈరోజు అడిగాను.

“మాస్టారూ, కెజియా క్లాసులో లేదండి. తుఫాను నాటి నుంచి లేదు.”

“కిందటిసారి మంచి ప్రశ్న అడిగిందే. ఒండ్రు గురించి. నేను జవాబు కూడా...” అని ఆగారు. కళ్ళజోడు తీసి ముఖం తుడుచుకున్నారు. బొమ్మ కాస్త వణికింది.

“కిందటిసారి నేను లేనమ్మా” అన్నారు మెల్లగా. “జ్వరంతో ఆసుపత్రిలో ఉన్నాను. మా ఆవిడ పూరణ పెట్టింది. తర్వాత రికార్డింగ్ చూసి, నేనే చెప్పాననుకుని మర్చిపోయాను.”

లేని పిల్ల ప్రశ్న అడిగింది. లేని మాస్టారు జవాబు చెప్పారు. మేమంతా రాసుకున్నాం.

ఇరవై సెకన్లు మిగిలాయి. ఆయన పక్కకి తిరిగి ఏదో తెరిచారు. అది చూసే అధికారం ఆయనకి ఉందో లేదో నాకు తెలీదు.

“ముప్పై మూడో రోజు సాయంత్రం ఐదూ పదకొండు. ఆ తర్వాత ఆ అమ్మాయి నుంచి ఏ సిగ్నలూ లేదు. ఒక్క సెకను కూడా లేదు. వకుళా, ఎవరినైనా తీసుకుని...”

నిమిషం అయిపోయింది.

పిన్ని సాయంత్రం వచ్చి లాంచీ కడుతుంటే కిటికీలోంచే మొత్తం చెప్పాను. ఆవిడ తాడు ముడి వేస్తూ విన్నది.

“ఆ పిల్లని ఎప్పుడన్నా చూసేవా నువ్వు?”

“రోజూ చూస్తాను పిన్నీ.”

“ఎదురుగా?”

“లేదు.”

“చింతలంక దాకా ఎల్లి రెండేళ్ళైంది. కాలవ ఎలాగుందో తెలీదు.” ముడి మళ్ళీ విప్పి గట్టిగా బిగించింది. “ఎలుగు రాగానే బయల్దేరదాం. డీజిల్ నింపుతాను. నువ్వు అన్నం మూట కట్టు.”

44వ రోజు

ఈరోజే నాకు ప్రాక్టికల్ పరీక్ష. పూరణ పెట్టి వెళ్తే అదే రాసేస్తుంది. నాకంటే బాగానే రాస్తుంది. బయల్దేరే ముందు పూరణ ఆపేశాను. పిన్నీ నేనూ అక్కడ మునిగిపోతే, నేను లేనన్న సంగతి ఒక్క చోటైనా కనబడాలి.

మొదటి రెండు గంటలూ లాంచీ బాగానే నడిచింది. ఆ తర్వాత నీళ్ళలోంచి మొవ్వులు విరిగిన కొబ్బరి మొండేలు, కరెంటు స్తంభాల కొసలు మొదలయ్యాయి. కాలువ హద్దులకు పాతిన ఎర్ర గుర్తులు తుఫానుకి కొట్టుకుపోయాయి. నేను ముందు కూర్చుని వెదురుగడతో లోతు చూస్తూ చెప్తుంటే పిన్ని నడిపింది.

“పన్నెండున్నరకి పోటు తగులుద్ది. ఈలోపు అక్కడుండాల. పోటు మొదలైతే నీళ్ళు ఎనక్కి తన్నుతాయి” అంది.

ఆఖరి టవర్ దాటబోయే ముందు ఒకసారి కళ్ళద్దాలు పెట్టుకున్నాను. గదిలో పరీక్ష జరుగుతోంది. నా చోటు ఖాళీగా ఉంది. కెజియా బొమ్మ ఆ ఖాళీ వైపు తిరిగి, ఎవరో చెప్తున్నది వింటున్నట్టు, నవ్వుతూ తల ఊపుతోంది. గదిలో ఎవరూ అది చూడటం లేదు. అద్దాలు తీసి సంచిలో పడేశాను.

పదకొండు దాటాక లాకు కనిపించింది. రెండు తలుపుల్లో ఒకటి సగం తెరిచి ఉంది. ఆ సందులోంచి కాలువ నీరంతా సముద్రంలోకి దూకుతోంది. పిన్ని ఇంజన్ తగ్గించింది.

“ఇంతకన్నా ముందుకి తీసికెళ్ళలేను. లాగేత్తాది.”

గట్టు పక్కన ఆపింది. అక్కణ్ణుంచి లాకు క్వార్టర్స్‌కి వంద గజాలు ఉంటుంది. మధ్యలో గట్టు ఒకచోట తెగి, మోకాలి పైకి నీళ్ళు పారుతున్నాయి. పిన్ని లంగరు తాడు కొస నా నడుముకి కట్టింది. రెండో కొస తన చేతికి చుట్టుకుంది.

“కాలు జారితే అరవకు. నోట్లోకి నీళ్ళెల్తాయి. తాడు రెండుసార్లు లాగు, నేను లాగేత్తాను.”

తెగిన చోట మూడో అడుగుకే కాలి కింద మట్టి కదిలిపోయింది. నడుము దాకా దిగిపోయాను. నీళ్ళు నన్ను తలుపు వైపు ఈడుస్తున్నాయి. తాడు బిగుసుకుని పక్కటెముకల్లో దిగింది. పిన్ని నన్ను లాగలేదు, అలాగే పట్టుకుని నిలబడింది. ఒక రాయి కాలికి తగిలింది. దాన్ని ఆనుకుని అవతలికి పాకాను. చేతుల మీద చర్మం ఎప్పుడు లేచిపోయిందో తెలీదు.

క్వార్టర్స్ కింది గదిలో బురద. మెట్లు. పై గది తలుపు లోపలికి ఒరిగి ఉంది. వాసన ముందు తగిలింది. తలుపు దగ్గరే నిలబడిపోయాను. లోపలికి వెళ్తే ఏం చూడాల్సి వస్తుందో అనుకున్నాను.

“ఎవరది?” అని వినిపించింది.

గోడవార చాప మీద ఉంది కెజియా. ముఖం చిక్కి సగమైంది. కుడి కాలు మోకాలి కింద రెండు కర్రల మధ్య, చీరపేలికలతో కట్టి ఉంది. ఆ కాలు నల్లబడి ఉబ్బింది. పక్కన అటుకుల డబ్బా, ఖాళీది. డాబా తొట్టి నుంచి కిటికీలోకి లాగిన రబ్బరు గొట్టం.

“వకుళని” అన్నాను.

ఆమె చాలాసేపు చూసింది. నా ముఖం కాదు, నా చుట్టూ చూసింది, అంచులు ఎక్కడున్నాయో వెతుకుతున్నట్టు.

“చెయ్యి పెట్టు” అంది.

ఆమె చెయ్యి పట్టుకున్నాను. కాలిపోతోంది. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

తుఫాను సాయంత్రం మోటారు ఆగిపోతే తలుపు చేత్తో మూయబోయిందట. సగంలో పళ్ళచక్రం జారి ఇనప హ్యాండిల్ వెనక్కి తిరిగి కాలిని విరగ్గొట్టింది. కళ్ళద్దాలు కాలువలో పడిపోయాయి. నీళ్ళు పైకొస్తుంటే మెట్లన్నీ పాకుతూ ఎక్కింది.

“ఎప్పుడొత్తారా అని చూత్తానే ఉన్నాను” అంది. “క్లాసుకి రాకపోతే నువ్వడుగుతావు కదా అనుకున్నాను. రెండ్రోజులనుకున్నాను. మూడనుకున్నాను.”

పోటు మొదలవబోతోంది.

ఆమెను వీపుకి చీరతో కట్టుకుని దిగాను. తెగిన చోట ఈసారి పిన్ని కూడా నీళ్ళలోకి దిగి, గట్టు మీది రాతికి తాడు చుట్టి, సగం దాకా ఎదురొచ్చింది. ఇద్దరినీ ఒక్కొక్క అడుగూ లాగింది. కెజియా ఒక్కసారి కూడా అరవలేదు. నా భుజం మీద ఆమె పళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి.

48వ రోజు

కెజియా కాలు ఉంటుందని ఆసుపత్రిలో డాక్టర్లు ఈ పొద్దున చెప్పారు. ఇంకో రెండు రోజులు ఆలస్యమై ఉంటే ఉండేది కాదన్నారు. కాలొక్కటే కాదు అన్నారు.

యూనివర్సిటీ నుంచి కెజియాకి ఉత్తరం వచ్చింది. విచారం తెలిపారు. ముప్పై నాలుగు నుంచి నలభై నాలుగు దాకా పదకొండు రోజుల హాజరు, ఆ రోజుల్లో వచ్చిన మార్కులు ఆమెవిగానే ఉంచుతామన్నారు. వద్దంటే గైర్హాజరు పడుతుంది, సెమిస్టర్ మళ్ళీ చదవాలి.

అప్పటిదాకా నేను ఆమెకి చెప్పలేదు. మంచం మీద ఆ ఉత్తరం రెండుసార్లు చదివింది.

“పదకొండు రోజులూ క్లాసులో ఉన్నానా నేను?”

“ఉన్నావు.”

“నీ పక్కన?”

“నా పక్కనే. నలభై ఒకటో రోజు గానీ నాకు తెలీలేదు కెజియా. ముందే తెలిసి ఉండాల్సింది. నలభై నిమిషాల హద్దు తీసెయ్యమన్న అర్జీ మీద నేనూ సంతకం పెట్టాను.”

“నేనూ పెట్టేను” అంది. “మార్కులెన్నొచ్చినియ్యి?”

“ఎనభై నాలుగు.”

“నాకెప్పుడూ డెబ్బై దాటలేదే. ఎవరితోనూ గొడవ పడలేదా అది?”

“లేదు. అందరూ నువ్వు మారావనుకున్నారు. బాగున్నావనుకున్నారు.”

ఆమె ముఖం గోడ వైపు తిప్పుకుంది. భుజాలు కదిలాయి. నేను లేచి వెళ్ళబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

“కాయితం తియ్యి. రాయి.”

రాశాను. ‘ఆ పదకొండు రోజులూ నేను క్లాసులో లేను. చింతలంక లాకు పై గదిలో ఉన్నాను. నాకు గైర్హాజరు వెయ్యండి. హద్దు తీసెయ్యమన్న అర్జీ మీద నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను.’ కింద ఆమె సంతకం పెట్టింది. పక్కన నేనూ పెట్టాను.

“సెమిస్టర్ పోతుందే” అన్నాను.

“పోనీ. మళ్ళీ చదూతాను. నేను చదూతాను.”

ఆ ఉత్తరం నకలు వైకుంఠరావు మాస్టారికి కూడా పంపాం.

50వ రోజు

మాస్టారు స్వయంగా వచ్చారు. బ్లాక్‌బోర్డు దగ్గరికి వెళ్ళలేదు.

“ఈరోజు పాఠం లేదు. ఒక్కొక్కరినీ అడుగుతాను. ఇప్పుడు, మీరున్న చోట, మీకేం వినబడుతోందో చెప్పండి.”

మొదటి బెంచీలో అబ్బాయి, “కుక్కర్ సార్, మూడో విజిల్” అన్నాడు. కొందరు నవ్వారు. రెండో అమ్మాయి తమ్ముడు ఏడుస్తున్నాడంది. మూడో అతను, “చాలా మంచి ప్రశ్న సార్. నాకు బాగా అర్థమవుతోంది” అన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి.

“మళ్ళీ చెప్పు బాబూ. ఏం వినబడుతోంది?”

“అవును సార్” అన్నాడు అతను, తల ఊపుతూ.

మాస్టారు తర్వాతి బెంచీకి వెళ్ళారు. ఫ్యాన్ చప్పుడు. పక్కింటి టీవీ. ఏమీ వినబడట్లేదు సార్, కరెంటు పోయింది. తర్వాత, “నోట్స్ రాసుకుంటున్నాను సార్”. ఆ వెంటనే ఇంకొకరు, “ధన్యవాదాలు సార్”. నేను వేళ్ళ మీద లెక్కపెట్టడం మానేసి కాగితం మీద గీతలు గీశాను. నా వంతు వచ్చినప్పుడు, “లాంచీ ఇంజన్ సార్, మా పిన్ని స్టార్ట్ చేస్తోంది” అన్నాను.

అరవై మందిలో నిజంగా వినబడింది చెప్పినవాళ్ళు ఇరవై ముగ్గురు. నా పక్కన కెజియా చోటు ఖాళీ. గదిలో ఖాళీగా కనిపిస్తున్నది అదొక్కటే. మిగిలిన ముప్పై ఆరుగురూ మర్యాదగా నవ్వుతూ కూర్చున్నారు.

బ్లాక్‌బోర్డు పైన ఎర్ర అక్షరాలు వచ్చాయి. ‘విద్యార్థుల వ్యక్తిగత వివరాలకు భంగం. ఈ క్లాసు రెండు నిమిషాల్లో ముగుస్తుంది.’

మాస్టారు అది చదివారు. జేబులోంచి క్లాసు చిరునామాల కాగితం తీశారు.

“వీళ్ళలో ఎక్కువమంది నిద్రలోనో పనిలోనో ఉండి ఉంటారు. వాళ్ళని నేనేమీ అనను. కానీ ఎవరు నిద్రలో ఉన్నారో, ఎవరు కెజియాలా ఉన్నారో నాకు తెలీదు. పేరూ ఊరూ చదువుతాను. మీకు దగ్గరున్నవి రాసుకోండి.”

గబగబా చదివారు. ఇరవై ముగ్గురం తల ఎత్తకుండా రాశాం. ముప్పై ఒకటో పేరు సగంలో ఉండగా గది ఆరిపోయింది.

51వ రోజు

నా కాగితంలో దగ్గరి పేరు యర్రంశెట్టి భానుమూర్తి. రెండో ఏటిగట్టు, పదహారో బ్లాకు. గట్టు మీద నడిస్తే నాలుగు కిలోమీటర్లు. రెండేళ్ళుగా నా ముందు వరసలోనే ఉన్నాడు. మెడ కొంచెం ఎడమకి వాల్చి కూర్చుంటాడు. అంతకుమించి అతని గురించి నాకేమీ తెలీదని దారిలో తెలిసింది.

దారిలోనే, నాలాగే మిగతా పేర్లు వెతుకుతున్న ఇద్దరి నుంచి కబురు వచ్చింది. ఒకమ్మాయి రొయ్యల షెడ్డులో రెండు షిఫ్టులు చేస్తోంది, క్లాసుకి రాక నెలన్నరైంది. అడిగితే తిట్టి పంపించిందట. ఇంకొకతని ఇల్లు తాళం వేసి ఉంది. ఎక్కడికి వెళ్ళారో ఇరుగుపొరుగుకి తెలీదు.

పదహారో బ్లాకు, నాలుగో అంతస్తు. కిటికీలు మూసి ఉన్నాయి. గుమ్మం పక్కన ఒక జత చెప్పులు. వాటి మీద తుఫాను బురద ఎండి పగుళ్ళిచ్చింది. పద్దెనిమిది రోజుల బురద.

తలుపు తట్టాను. జవాబు లేదు. ఇంకా గట్టిగా తట్టాను. చెవి ఆనించి విన్నాను. పక్క బ్లాకులో ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

“భానుమూర్తి గారూ” అని పిలిచాను. “నా పేరు వకుళ. క్లాసులో మీ వెనక కూర్చుంటాను.”

మూడోసారి అరచేత్తో బాదాను.

లోపల గిన్నె ఏదో కింద పడింది. తర్వాత, చాలా నెమ్మదిగా, కాళ్ళీడ్చుకుంటూ తలుపు దాకా వస్తున్న అడుగులు వినిపించాయి.